పిలిస్తే లేచిన పిల్ల

ఆఫీసులో అందరూ ఆమెను సగటమ్మ అని పిలిచేవాళ్ళు. మొదట వెక్కిరింతకు పెట్టిన పేరే. పోనుపోను ముద్దుపేరై కూర్చుంది. ఆమె చేసే పని అలాంటిది మరి. చిన్నపిల్లల మెదళ్ళకు తీసిన స్కానులన్నీ పోగేసి, వాటిని కలిపి, ఏ వయసుకు ఆ వయసు సగటు మెదడు ఒకటి తయారు చెయ్యడం ఆమె ఉద్యోగం. రెండేళ్ళ సగటు అయిపోయింది, మూడేళ్ళదీ అయిపోయింది. ఇప్పుడు నాలుగేళ్ళది నడుస్తోంది.

వినడానికి కూడిక, భాగహారం అంతేగా అనిపిస్తుంది. కూర్చుని చేస్తే తెలుస్తుంది దాని సంగతి. ఏ ఇద్దరి తలలూ ఒకలా ఉండవు. ఒకడిది కోల, ఒకతెది గుండ్రం, ఇంకొకడు యంత్రంలో పడుకుని మెడ ఓ పక్కకి వాల్చేసి ఉంటాడు. ముందు అందరి తలలూ ఒకే వైపుకి తిప్పాలి. తర్వాత ఒకే కొలతకి తేవాలి. ఆ పైన ఒకరి మడత ఇంకొకరి మడత మీదికి వచ్చేదాకా ఒకచోట సాగదీసి, ఒకచోట నొక్కి సర్దాలి. ఇంతా చేసి అన్నీ కలిపితే మొదటిసారి వచ్చేది ఒట్టి పొగమంచు. ఆ పొగమంచును చూసుకుంటూ మళ్ళీ అందర్నీ సర్దాలి. ఈసారి కాస్త తేటపడుతుంది. మళ్ళీ సర్దాలి. అలా సర్దగా సర్దగా ఒకనాటి పొద్దున మడతలూ లోయలూ విడివిడిగా పైకి తేలతాయి. అది ఎవరి మెదడూ కాదు, అందరిదీను. ఆ పొద్దున సగటమ్మకి ఆకలి తెలియదు. పిల్ల పుట్టిందని చెప్పి ఆఫీసంతటికీ టీలు ఇప్పిస్తుంది.

ఇన్నాళ్ళూ జబ్బు చేసిన పసివాళ్ళ మెదడుని పెద్దవాళ్ళ సగటు పక్కన పెట్టి కొలిచేవాళ్ళు డాక్టర్లు. తండ్రి చొక్కా తొడిగి, పిల్లాడు చిక్కిపోయాడని బెంగపెట్టుకోవడం లాంటిదే అది. నాలుగేళ్ళవాడిని నాలుగేళ్ళవాళ్ళ పక్కనే నిలబెట్టి చూడాలి. అందుకని వీధివీధినా అడిగి, ఏ జబ్బూ లేని పిల్లల్ని తీసుకురమ్మని అమ్మానాన్నల్ని బతిమాలి, స్కానులు తీస్తున్నారు.

చిక్కల్లా కదలడంతోనే. నాలుగేళ్ళ పిల్లల్ని కదలొద్దనడం కంటే గాలిని మూట కట్టడం సులువు. లోపల తల ఇసుమంత కదిలినా, నీళ్ళలో రాయి వేసినట్టు, స్కానులో నుదుటి దగ్గర్నుంచి అలలు లేస్తాయి. అలాంటిది సగటులో కలపడానికి వీల్లేదు. యంత్రం కింది అంతస్తులో ఉండేది. సగటమ్మ పై అంతస్తులో కూర్చునేది. కింద టెక్నీషియన్ స్కాను తీసి పంపగానే, పైన తెర మీద చూసి మైకులో చెప్పేది. పనికొస్తుంది, లేదా పనికిరాదు. ఆమె మాట్లాడేది అంతే. పిల్లల ముఖాలు ఆమె ఎన్నడూ చూడలేదు, మడతలే చూసింది.

ఆ రోజు మధ్యాహ్నం వచ్చిన స్కానులో అలలే అలలు. రెండో ప్రయత్నం ఇంకా అన్యాయం, పిల్ల ఏకంగా లేచి కూర్చున్నట్టుంది. ఇంకొక్కసారి చూద్దామా అని టెక్నీషియన్ అడిగాడు. ఆయన మంచివాడు, పిల్లలంటే ప్రాణం. సగటమ్మకి అప్పటికే పొద్దుటినుంచి కళ్ళు లాగుతున్నాయి.

"పనికిరాదండీ. ఇక చాలు, పంపించెయ్యండి" అంది.

అని, మరుక్షణం ఆ సంగతి మర్చిపోయి, ఇంకో తలని సర్దే పనిలో పడింది.

మర్నాడు టీ కోసం కిందికి దిగింది. తిరిగి వచ్చేటప్పుడు ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో కాగితాల కట్ట. లిఫ్టు దగ్గర బల్ల మీద ఒక పాప కూర్చుని ఉంది. పసుపు రంగు గౌను వేసుకుంది. ఒక కాలి మేజోడు మడమ దాకా జారిపోయింది. తలపిన్నులు పెట్టుకునే రేకు డబ్బా ఒకటి చెవికి ఆనించుకుని చాలా ముఖ్యమైన ఫోనులో ఉంది. "లైన్లో ఉండండి, కలుపుతున్నా" అంటోంది డబ్బాతో. సగటమ్మకి నవ్వొచ్చింది.

"అమ్మలూ, నా చేతులు ఖాళీ లేవు. ఆ మీట కాస్త నొక్కవూ?"

పాప డబ్బా దించింది. మీట వైపు చూసింది. చూసి, రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది.

"నేను పనికిరాను" అంది.

ఏడుస్తూ అనలేదు, అలిగి అనలేదు. పేరేమిటంటే చెప్పినంత మామూలుగా చెప్పింది. సగటమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది. ఎవరన్నారమ్మా అలాగని అడిగింది.

"మైకు అంది."

టీ గ్లాసు ఒలికి కాగితాల కట్ట మీద పడింది. సగటమ్మ చూసుకోలేదు. ఇంతలో స్కానింగు గది వైపు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. బిగించి వేసుకున్న ముడి, నిటారుగా నడక. నిన్న స్కానుకి ముందు పిల్ల తలలోంచి తీసిన పిన్నులన్నీ ఇక్కడే మర్చిపోయామని, డబ్బా దొరికింది కానీ ఒక పిన్ను తక్కువైందని, అది వెతకడానికి వెళ్ళానని, ఎవరూ అడగకుండానే చెప్పుకొచ్చింది. పాపకి అమ్మమ్మట. పాప తల్లి పనికి వెళ్తుంది, పగలంతా పిల్ల ఈవిడ దగ్గరే. ఇంట్లో పిల్లని మిడత అంటారు. ఎందుకంటారో చెప్పక్కర్లేదు, కాసేపు చూస్తే చాలు.

సగటమ్మ గొంతు సవరించుకుని, పాప ఇలా అంటోందేమిటండీ అంది. పెద్దావిడ ఆమె ముఖం వైపు చూడలేదు. తల కొంచెం పక్కకి వంచి విన్నది.

"నిన్నటి గొంతు మీదే కదమ్మా" అంది.

ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేసి రిటైరయింది. జీతం తీసుకున్నన్నాళ్ళూ చెవులతోనే బతికిన మనిషి. ఒకసారి విన్న గొంతు మర్చిపోదు. అబద్ధం ఆడాలన్నా సగటమ్మ నోరు విప్పాలి కదా, విప్పితే ఆ గొంతే.

"నాదేనండీ" అంది.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని సగటమ్మకి అనిపించింది. బల్ల మీద కూర్చుని, పాప మేజోడు పైకి లాగుతూ, నిదానంగా చెప్పింది. నిన్న చెప్పులు వేసుకుంటుంటే తలుపు తీసే ఉందట. మాట గంట కొట్టినట్టు వినబడిందట. దారంతా పిల్ల కిక్కురుమనలేదట. ఇంటికి వెళ్ళాక మంచినీళ్ళు తెమ్మంటే నేను పనికిరాను అందట. చెప్పుల జత సర్దమంటే నేను పనికిరాను. వాళ్ళమ్మ ముద్దు పెట్టమంటే, దానికీ పనికిరాను.

"తిండికి మాత్రం పనికొస్తోంది. అదొక్కటే ధైర్యం" అంది ఆవిడ.

సగటమ్మ నాలిక కరుచుకుంది. తను అన్నది పిల్లని కాదని, స్కానునని, స్కాను పనికిరాదంటే పిల్లకి ఏదో లోపమని కాదని గబగబా చెప్పింది. పెద్దావిడ అంతా విని తల ఊపింది.

"నాకు తెలీదా అమ్మా? కానీ స్కానయినా 'రాదే', పిల్లయినా 'రాదే'. అదే మగపిల్లాడై ఉంటే 'రాడు' అనలేదు కాబట్టి మనల్ని కాదులే అనుకుని హాయిగా ఇంటికి పోయేవాడు. ఆడపిల్లకి ఆ వీలు కూడా లేకపోయె."

సగటమ్మ పుట్టినప్పటినుంచీ మాట్లాడుతున్న భాష. రోజూ అంటున్న మాట. ఇన్నాళ్ళలో ఎంతమంది ఆడపిల్లలు ఆ తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆ మాట విని వెళ్ళారో, తల్చుకుంటే చెవులు వేడెక్కాయి. ఏం చెయ్యాలో తోచక పాప ముందు చతికిలబడింది. నిన్న లోపల పడుకున్నావు కదా, ఎందుకు లేచావమ్మా అని అడిగింది. అడగాలని కాదు. ఊరికే మాట కలపడానికి అడిగింది.

మిడత ఆమెని జాలిగా చూసింది. ఇంత పెద్దదానివి, ఇది కూడా తెలీదా అన్నట్టు.

"పిలిచిందిగా."

"ఎవరు పిలిచారు?"

"మిషను. దా దా దా దా అంది. ఎన్నిసార్లో అంది. అందుకే లేచి వచ్చా."

పెద్దావిడ ముఖం ఒక్కసారి వెలిగిపోయింది. "పిలిస్తే పలకాలి, దా అంటే వెళ్ళాలి. మా ఇంట్లో దానికి మొదట నేర్పింది అదే" అంది. ఆ గర్వాన్ని దాచుకునే ప్రయత్నమేమీ ఆవిడ చెయ్యలేదు.

సగటమ్మ పైకి వెళ్ళింది కానీ కుర్చీలో కూర్చోలేకపోయింది. నేరుగా పెద్దాయన గదికి వెళ్ళింది. పెద్దాయన అంటే ఆ పని మొత్తానికీ పెద్ద డాక్టరు. మనిషి భారీ, మాట పొదుపు. ఈ వారంతో నాలుగేళ్ళ గుంపు మూసేస్తున్నారు, వచ్చే వారం నుంచి యంత్రం ఐదేళ్ళవాళ్ళకి ఇచ్చేశారు. మధ్యలో ఒక్క పిల్లకి మళ్ళీ స్కాను కావాలని ఆమె అడిగింది. ఎందుకని ఆయన అడిగాడు. ఆమె చెప్పింది. పనికిరాదన్న సంగతి వరకే చెప్పింది. దా దా సంగతి మీద ఇంకా తనకే నమ్మకం కుదరలేదు.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పిల్ల నొచ్చుకోవడం తప్పేననీ, కావలిస్తే తనే ఫోను చేసి క్షమాపణ చెప్తాననీ అన్నాడు. స్కాను మాత్రం కుదరదన్నాడు.

"సగటుకి ఒక్క పిల్ల ఒక లెక్కా? ఆ పిల్లని కలిపినా కలపకపోయినా వెంట్రుకవాసి తేడా రాదు. ఈ ముక్క నాకు నేర్పింది నువ్వే."

అది నిజం. నేర్పింది ఆమే. బయటికి వచ్చింది. ఒక్క పిల్ల లెక్క కాదు, సరే. మరి తన దగ్గరున్నవాళ్ళంతా ఒక్కొక్క పిల్లే కదా. అలా ఒక్కొక్కరినీ లెక్క కాదంటూ పోతే చివరికి సగటు ఎవరిది? ఇది లెక్కల్లో నిలబడే వాదన కాదని ఆమెకి తెలుసు. తెలిసినా మనసులోంచి పోలేదు.

మధ్యాహ్నం భోజనాలకి అందరూ వెళ్ళాక కిందికి దిగి, తనని లోపల పడుకోబెట్టమని టెక్నీషియన్‌ని అడిగింది. ఆయన వింతగా చూశాడు. సగటమ్మ ఇన్నేళ్ళలో ఆ గది గడప తొక్కింది లేదు. చెవిదుద్దులు, గడియారం, ఆఖరికి జాకెట్టు పిన్ను కూడా తీయించాడు. చెవుల్లో మెత్తటి బిరడాలు పెట్టాడు, వాటి మీద పెద్ద చెవికప్పులు పెట్టాడు, తల చుట్టూ దిళ్ళు కూరాడు, ముఖం మీదికి పంజరం లాంటిది దించాడు. బల్ల మెల్లగా సొరంగంలోకి జరిగింది.

మొదట చిన్న చప్పుళ్ళు వచ్చాయి. ఎక్కడో ఎవరో తలుపు తడుతున్నట్టున్నాయి. తర్వాత కాసేపు ఏమీ లేదు. తన ఊపిరి తనకే వినబడింది. భయం కాదు కానీ, ఎవరైనా పలకరిస్తే బాగుండుననిపించింది. అప్పుడు అసలు బొమ్మ తీసే చప్పుడు మొదలైంది.

బయట గదిలో అది గడగడమనే రొద. అద్దం అవతల నుంచి టెక్నీషియన్ రోజూ వినేది అదే. కానీ బిరడాలూ కప్పులూ దాటి లోపలికి వచ్చేసరికి ఆ రొదకి అంచులు అరిగిపోయాయి. మెత్తబడింది. గొంతు వచ్చింది దానికి. దా. దా. దా. దా. తొందర లేదు, కోపం లేదు. వీధి గుమ్మంలో నిలబడి, చేతులు చాపి, పసివాళ్ళని పిలిచే పిలుపు. సగటమ్మకి తన చిన్నప్పటి గుమ్మం గుర్తొచ్చింది. వీపు బల్ల మీంచి కాస్త లేచింది కూడా. అప్పుడు తెలిసి మళ్ళీ వాలింది. తర్వాత కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. ఆపుకోలేకపోయింది.

"మేడమ్, కదిలిపోతున్నారు. ఈ స్కాను పనికిరాదు" అన్నాడు టెక్నీషియన్ మైకులో.

బయటికి వచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, సంగతంతా ఆయనకి చెప్పింది. ఆయన నమ్మలేదు. తనూ పడుకుంటానన్నాడు. లోపలికి వెళ్ళిన కాసేపటికే, పెళ్ళాం పిలిచినట్టే ఉందని లోపల్నుంచి కేక పెట్టాడు. భోజనాల వేళ అయిపోయి జనం తిరిగి వచ్చేసరికి ఇద్దరూ తెర ముందు కూర్చుని, పక్కన పడేసిన స్కానులన్నీ ఒక్కొక్కటే తిరగేస్తున్నారు. ఎవరిది ఎక్కడ ఆగిపోయిందో యంత్రం గుర్తుపెట్టుకుంటుంది. చిన్న చప్పుళ్ళ దగ్గర ఆగినవాళ్ళు దాదాపు లేరు. ఒకడు దగ్గాడు, ఒకతె ముక్కు గోక్కుంది, అలాంటివి కొన్ని ఉన్నాయి. మిగిలినవన్నీ ఒకేచోట ఆగాయి. అసలు బొమ్మ మొదలైన కాసేపటికే ఆగాయి. మొదటి పిలుపుకి లేచినవాళ్ళు కొందరు, రెండు మూడు పిలుపుల దాకా ఓపిక పట్టినవాళ్ళు కొందరు.

"మాట వినని పిల్లలనుకున్నాం" అన్నాడు టెక్నీషియన్. "వీళ్ళేనండీ మాట విన్నవాళ్ళు."

సాయంత్రం సగటమ్మ మళ్ళీ పెద్దాయన గదిలో నిలబడింది. ఈసారి అంతా చెప్పింది. ఆయన చెప్పనిచ్చాడు. మధ్యలో ఒక్క ప్రశ్న అడిగాడు. కదలకుండా పడుకున్న పిల్లల్లో నిద్రపోయినవాళ్ళని తీసేస్తే, మెలకువగా ఉన్నవాళ్ళ మాటేమిటన్నాడు. వాళ్ళ ఇళ్ళల్లో దా అనరేమో, వేరేలా పిలుస్తారేమో అంది సగటమ్మ. లేదంటే ఎంత పిలిచినా లేవని బాపతేమో.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. పొట్ట మీద చేతులు కట్టుకున్నాడు.

"అంటే మనం ఇన్నాళ్ళూ పిలిస్తే పలకని పిల్లల సగటు తీస్తున్నామన్న మాట."

ఒక్క పిల్ల వెంట్రుకవాసి తేడా కూడా తేదు. కానీ ఒకేలాంటి పిల్లలందరూ ఒకే తలుపులోంచి బయటికి పోతే, అది ఒక్క పిల్ల లెక్క కాదు. అది ఆయనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆయన లేచి, గడియారం విప్పి బల్ల మీద పెట్టి, పదండి అన్నాడు. సొరంగంలోకి ఆయన పొట్ట పట్టడానికి కొంత సర్దుబాటు అవసరమైంది. టెక్నీషియన్ పళ్ళు బిగబట్టి నవ్వాపుకున్నాడు. చాలాసేపటికి బల్ల బయటికి వచ్చింది. ఆయన జుట్టంతా చెదిరిపోయి ఉంది. ముఖం నాలుగేళ్ళ పిల్లాడి ముఖంలా ఉంది.

"నన్నూ పిలిచింది" అన్నాడు. "పొట్ట అడ్డం రాకపోతే నేనూ లేచేవాణ్ణే."

ఐదేళ్ళ గుంపుని వెనక్కి జరపడానికి ఎవరెవరికో ఆయనే ఫోనులు చేశాడు. లేచిపోయిన పిల్లలందర్నీ మళ్ళీ రమ్మని కబురు పెట్టించాడు. ఆ ఫోనులు చేసే పని సగటమ్మ తనే తీసుకుంది. ప్రతి ఇంటికీ మొదట ఒకే మాట చెప్పింది. మీ పిల్ల మంచిది, తప్పు మాది అని. మగపిల్లలున్న ఇళ్ళకి కూడా, అనుమానం ఎందుకని, అదే చెప్పింది.

అందరికంటే ముందు మిడతనే పిలిచారు. వచ్చింది కానీ స్కానింగు గది గుమ్మం దగ్గర కాళ్ళు నేలకి అంటించేసుకుంది. నేను పనికిరాను, అమ్మమ్మని తియ్యండి అంది. అమ్మమ్మది నాలుగేళ్ళ తల కాదని టెక్నీషియన్ సర్దిచెప్పబోయాడు. అయితే ఎవరిదీ తియ్యొద్దంది. పెద్దాయన తలుపు చాటున నిలబడి ఉన్నాడు. పిల్ల ఇంతటితో వెళ్ళిపోతే, ఆ మాటని జీవితమంతా మోసుకుంటూ పోతుందేమోనని సగటమ్మ భయపడింది. మిగతా ఎవరి 'పనికిరాదు' అయినా తాము తుడిచెయ్యొచ్చు. ఈ పిల్లది ఈ పిల్లే తుడుచుకోవాలి.

సగటమ్మ కింద కూర్చుంది, పిల్ల కళ్ళకి తన కళ్ళు సమానంగా ఉండేలా.

"మైకులో అన్నది నేనేనమ్మా. నిన్ను కాదు, బొమ్మని. బొమ్మ సరిగ్గా రాలేదు. ఎందుకు రాలేదంటే, నీకు ముందే చెప్పాల్సిన మాట ఒకటి మేం చెప్పలేదు."

"ఏం మాట?"

"మిషను పిలుస్తోంది కదా. అది నిన్ను కాదు. నీ తల్లో ఉన్న బొమ్మని. దా దా అని దాన్ని పిలుస్తోంది. నువ్వు లేస్తే అది బెదిరిపోయి లోపలే దాక్కుంటుంది."

మిడత ఆలోచించింది. ఒక చెయ్యి తల మీద పెట్టి తడిమి చూసుకుంది, లోపల ఎవరున్నారో అన్నట్టు. మరి పిలుస్తుంటే నేనేం చెయ్యాలి, ఊరికే పడుకోవాలా అని అడిగింది. ఊరికే పడుకోవడం ఆమెకి నచ్చలేదని ముఖమే చెప్తోంది. అప్పుడు అమ్మమ్మ ముందుకి వచ్చింది.

"ఊరికే ఎందుకు? మనింటి పనే అది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు, మధ్యలో నువ్వు ఎక్స్ఛేంజి. నువ్వు కదిలితే లైను తెగుతుంది. నువ్వు లైన్లో ఉండాలి, అంతే."

అది అర్థమైంది మిడతకి. రేకు డబ్బా అమ్మమ్మకి అప్పజెప్పి, తనంతట తనే బల్ల ఎక్కి పడుకుంది.

ఆ రోజు సగటమ్మ పైకి వెళ్ళలేదు. అద్దం ఇవతల టెక్నీషియన్ పక్కన కూర్చుంది. అమ్మమ్మని మైకు ముందు కూర్చోబెట్టారు. అవతల సొరంగంలోంచి రెండు కాళ్ళే కనబడుతున్నాయి. ఒక మేజోడు అప్పుడే జారడం మొదలెట్టింది. చిన్న చప్పుళ్ళు అయ్యాయి. నిశ్శబ్దమైంది. గడగడ మొదలైంది. సగటమ్మకి ఇప్పుడది గడగడలా వినబడలేదు.

కాలి బొటనవేలు కదిలింది. మోకాలు కొంచెం పైకి లేచింది.

అమ్మమ్మ మైకు దగ్గరికి వంగింది. ఎప్పుడో ఉద్యోగంలో వదిలేసిన గొంతు, తేటగా, తొణక్కుండా, బయటికి తీసింది.

"లైన్లో ఉండండి. కలుపుతున్నాం."

మోకాలు దిగింది. బొటనవేలు మాత్రం ఆగలేదు, దా దా అన్నప్పుడల్లా తాళం వేస్తూనే ఉంది. తల కదలనంత వరకు వేలు ఎన్ని వేషాలు వేసినా ఫరవాలేదు. అమ్మమ్మ మధ్యమధ్య లైన్లో ఉండండి అంటూనే ఉంది. పిల్లని మీరు అనడం విని టెక్నీషియన్ ముసిముసిగా నవ్వుకున్నాడు. ఎక్స్ఛేంజిలో ఎవరినైనా మీరనే అంటారని ఆవిడ మైకు నొక్కిపెట్టి చెప్పింది.

చప్పుడు ఆగింది. తెర మీద బొమ్మ వచ్చింది. సగటమ్మ నుదుటి దగ్గర చూసింది. అలలు లేవు. మడత వెనక మడత, ఎంత శుభ్రంగా ఉందంటే, ఆమెకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఎన్ని మెదళ్ళు చూసిందో ఆమెకే తెలియదు. ముఖం తెలిసిన మెదడు చూడటం మాత్రం ఇదే మొదలు. అమ్మమ్మ మైకు ఆమె వైపు జరిపింది. రోజూ అనే మాటే.

"పనికొస్తుంది" అంది.

సొరంగంలోంచి వెంటనే ప్రశ్న వచ్చింది.

"ఎవరు? నేనా, బొమ్మా?"

"ఇద్దరూనమ్మా. ఇద్దరూ."

ఆ తర్వాత రోజుల్లో పిలిస్తే లేచిన పిల్లలందరూ ఒక్కొక్కరే వచ్చారు. అమ్మమ్మ గొంతు రికార్డు చేసి ఉంచారు. పిల్లలు చెవికప్పుల్లో ఆ గొంతు విని, తాము ఎక్స్ఛేంజిలో పనిచేస్తున్నామని నమ్మి, బుద్ధిగా లైన్లో ఉన్నారు. పైన సగటమ్మ వాళ్ళందర్నీ కలిపి మళ్ళీ మొదటినుంచీ సర్దింది. పొగమంచు వచ్చింది, తేటపడింది. ఒక పొద్దున నాలుగేళ్ళ సగటు పుట్టింది. ఆఫీసంతటికీ టీలు ఇప్పించింది. పెద్దాయన రెండు తాగాడు.

మిడతకి చూపించాలని సగటమ్మే పిలిపించింది. పాప కుర్చీ ఎక్కి, తెరకి ముక్కు ఆనించి చూసింది. నేనెక్కడ ఉన్నాను అని అడిగింది. అన్నిచోట్లా కొంచెం కొంచెం ఉన్నావని చెప్పింది సగటమ్మ. పాప తెర మీద ఒక మడత ముట్టుకుంది. ఇక్కడా? ఇక్కడ కూడా. ఇక్కడా? అక్కడా ఉన్నావు. మిగతావాళ్ళు కూడా ఉన్నారా? అందరూ ఉన్నారు. పాప తృప్తి పడి, వాళ్ళని తోసుకోవద్దని చెప్పమంది.

వెళ్ళేటప్పుడు లిఫ్టు దగ్గర ఆగారు. సగటమ్మ మోకాళ్ళ మీద కూర్చుని, జారిపోయిన మేజోడు పైకి లాగి, మళ్ళీ జారకుండా అంచు మడత పెట్టింది. మిడత కాలు ఎత్తి, అటూ ఇటూ ఊపి పరీక్షించింది. మేజోడు జారలేదు. అప్పుడు మునివేళ్ళ మీద నిలబడి లిఫ్టు మీట నొక్కింది. తలుపులు తెరుచుకునేలోగా అమ్మమ్మ వైపు తిరిగి, ఎవరి గురించి చెప్తోందో వాళ్ళకి కూడా వినబడేలా చెప్పింది.

"అమ్మమ్మా, ఈ అక్క పనికొస్తుంది."

ఉద్యోగంలో చేరిన నాటినుంచీ సగటమ్మ గురించి అంత మంచిమాట ఎవరూ అనలేదు.